ఇల్లంతా పాట, హాల్లో సినిమా: ఒకే స్పీకర్లతో రెండు పనులు చేయించడం ఎలా?

కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్ళు ఈమధ్య ఫాల్స్ సీలింగ్ వేయించేటప్పుడే వంటింట్లో, డైనింగ్‌లో, వరండాలో రెండేసి స్పీకర్లు పెట్టించుకుంటున్నారు. పొద్దున భక్తి పాటలు, సాయంత్రం పాత సినిమా పాటలు ఇల్లంతా సన్నగా వినిపిస్తుంటే ఆ హాయే వేరు. అదే ఇంట్లో, హాల్లో పెద్ద టీవీ, దాని కింద ఏవీ రిసీవర్ (సినిమా శబ్దాన్ని విడదీసి స్పీకర్లన్నిటికీ పంచే పెట్టె), చుట్టూ ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ కూడా ఉంటాయి. చిక్కు ఆ హాల్లోనే వస్తుంది. పాటల కోసం సీలింగ్‌లో ఒక జత, సినిమా కోసం మళ్ళీ ఇంకో జత పెడితే పైకప్పు జల్లెడలా అవుతుంది, డబ్బూ దండగ. ఉన్న జతనే రెండింటికీ వాడుకుంటే పోలేదా అనిపిస్తుంది.

వాడుకోవచ్చు. బాగానే వాడుకోవచ్చు. కాకపోతే ఒక నియమం ఉంది. ఏ క్షణాన చూసినా ఒక స్పీకర్ ఒకే యాంప్లిఫయర్‌కి (స్పీకర్‌ని మోగించే యాంప్, రిసీవర్ లోపలా అదే ఉంటుంది) కలిసి ఉండాలి. రెండు యాంప్‌ల వైర్లు ఒక స్పీకర్ దగ్గర ఎన్నడూ కలవకూడదు. అందుకే పంచుకోవాల్సి వచ్చినప్పుడు ముందు సిగ్నల్ పంచుకునే దారి చూడాలి. అది కుదరకపోతేనే స్పీకర్ వైరు జోలికి వెళ్ళాలి.

రెండు యాంప్‌లు ఒకేచోట కలిస్తే

నా స్నేహితుడి ఇంట్లో ఇది కళ్ళారా చూశాను. హాల్ సీలింగ్ స్పీకర్లకి రిసీవర్ నుంచి ఒక వైరు, గదులన్నిటికీ పాటలు పంపే మల్టీ రూమ్ యాంప్ నుంచి ఇంకో వైరు వచ్చాయి. పని చేసినతను ఆ రెండింటినీ మెలిపెట్టి, నల్ల టేపు చుట్టి, ఫాల్స్ సీలింగ్ మీదకి తోసేశాడు. నెల రోజులు ఏమీ కాలేదు. పాటలు పెట్టినప్పుడు పాటలు, సినిమా పెట్టినప్పుడు సినిమా. ఒక ఆదివారం పాటలు మోగుతుండగానే పిల్లలు టీవీ ఆన్ చేశారు. రిసీవర్ లోపల టక్కుమని చప్పుడైంది, ఆ వెంటనే కాలిన వాసన. మల్టీ రూమ్ యాంప్‌లో ఆ రెండు ఛానెళ్ళు పోయాయి. సీలింగ్ మూత తీసి చూస్తే ఆ టేపు జాయింట్ చెక్కుచెదరకుండా అలాగే ఉంది. తప్పు జాయింట్‌ది కాదు, కలపకూడనివి కలపడంలోనే ఉంది.

నెల రోజులు ఎందుకు నడిచిందంటే, రిసీవర్ ఆఫ్‌లో ఉన్నప్పుడు దాని లోపలి రిలే (కరెంటుతో మారే స్విచ్) స్పీకర్ లైన్లను విడదీసి ఉంచుతుంది. రెండూ ఒకేసారి ఆన్ అయ్యేదాకా ప్రమాదం బయటపడదు. యాంప్ దృష్టిలో 8 ఓముల స్పీకర్ ఒక మాదిరి బరువు. కానీ ఇంకో యాంప్ అవుట్‌పుట్ నిరోధం ఓములో పదో వంతు కూడా ఉండదు. కరెంటు సులువైన దారి వెతుక్కుంటుంది కాబట్టి స్పీకర్‌ని వదిలేసి రెండో యాంప్‌లోకి దూసుకుపోతుంది. ఒకే పైపుకి రెండు చివర్లా రెండు మోటార్లు బిగించి నీళ్ళు ఎదురెదురుగా తోసినట్టన్నమాట. రెండింటిలో బలం తక్కువదో, రక్షణ సర్క్యూట్ లేనిదో ముందు కాలిపోతుంది.

"మైనస్‌లు కలిపేసి ప్లస్ ఒక్కటే స్విచ్ చేస్తే చాలదా" అని చాలామంది అడుగుతారు. చాలదు. ఇప్పుడొచ్చే చిన్న క్లాస్ డి యాంప్‌లు చాలావరకు బ్రిడ్జ్ పద్ధతిలో పనిచేస్తాయి. వాటి మైనస్ టెర్మినల్ గ్రౌండ్ కాదు, దాంట్లోనూ సిగ్నల్ ఉంటుంది. దాన్ని ఇంకో యాంప్ మైనస్‌కి కలిపితే షార్ట్ చేసినట్టే. ఎప్పుడు మార్చినా ప్లస్, మైనస్ రెండూ మారాలి.

ముందు కాగితం మీద

ఇంటి ప్లాను ఒక కాగితం మీద గీసుకోండి. ప్రతి స్పీకర్‌కి ఒక గుండ్రం చుట్టి, దాని పక్కన "పాట", "సినిమా", "రెండూ" అని రాయండి. "రెండూ" అన్న గుండ్రాలు ఎంత తక్కువుంటే పని అంత సులువు.

సెంటర్ స్పీకర్, సబ్‌వూఫర్ ఆ జాబితాలోకి రాకూడదు. వాటిని సినిమాకే వదిలేయండి. టీవీకి అటూ ఇటూ ఉండే ఫ్రంట్ జత పాటలకి ఇంట్లో అన్నిటికన్నా మంచి స్పీకర్లు కాబట్టి వాటిని పంచుకోవాలని ఆశ పుడుతుంది. పంచుకోండి, కానీ సిగ్నల్ పద్ధతిలోనే. సినిమాలో ఎక్కువ పని చేసే లైన్‌ని స్విచ్ గుండా తిప్పడం నాకు ఇష్టం ఉండదు.

నిజంగా రెండు పనులకీ పనికొచ్చేది హాల్ సీలింగ్ జత. సోఫాకి నేరుగా పైన గానీ, కాస్త ముందుకు గానీ ఉంటే వాటిని డాల్బీ అట్మాస్ (పైనుంచి కూడా శబ్దం వినిపించే సినిమా పద్ధతి) ఎత్తు స్పీకర్లుగా వాడుకోవచ్చు. కూర్చున్న మనిషి చెవి దగ్గర్నుంచి చూస్తే అవి 65 నుంచి 100 డిగ్రీల ఎత్తులో ఉండాలని డాల్బీ సూచన. అప్పుడు మీది 5.1.2 అవుతుంది, అంటే చుట్టూ ఐదు, ఒక సబ్‌వూఫర్, పైన రెండు. సీలింగ్ జత సోఫా వెనకాల ఉంటే సర్రౌండ్‌గా (పక్క, వెనక చప్పుళ్ళ కోసం) పెట్టేస్తుంటారు. సర్రౌండ్ స్పీకర్లు మనిషి పక్కల నుంచి కాస్త వెనక్కి, టీవీ వైపు నుంచి లెక్కిస్తే 110 నుంచి 120 డిగ్రీల దగ్గర, చెవి ఎత్తుకి కొంచెం పైన ఉంటేనే బాగుంటాయి. నడినెత్తిన మోగితే వెనక నుంచి రావాల్సిన కారు చప్పుడు ఫ్యాన్ దగ్గర్నుంచి వచ్చినట్టుంటుంది. వేరే చోటు లేకపోతే సర్దుకోవచ్చు గానీ, సీలింగ్ ఇంకా వేయకపోతే ఇప్పుడే చోటు మార్చుకోండి.

మొదటి దారి: సిగ్నల్ పంచుకోవడం

హాల్ స్పీకర్లన్నీ ఎప్పటికీ రిసీవర్‌వే. మల్టీ రూమ్ సిస్టమ్ హాల్లో పాట వినిపించాలంటే స్పీకర్ వైరు కాకుండా లైన్ సిగ్నల్ (యాంప్ ఇంకా పెంచని చిన్న సిగ్నల్) ఒకటి రిసీవర్‌కి పంపుతుంది. మిగతా గదులు మల్టీ రూమ్ యాంప్ మీద నడుస్తాయి. నా మటుకు నాకు పదిళ్ళలో ఎనిమిదింటికి ఇదే సరైన దారి.

మీ మల్టీ రూమ్ యాంప్ వెనక "ప్రీ అవుట్" గానీ "లైన్ అవుట్" గానీ ఉందేమో చూడండి. లేదంటే ఇంటర్నెట్ నుంచి పాటలు తెచ్చే స్ట్రీమర్‌కే రెండు అవుట్‌పుట్‌లు ఉండొచ్చు. అక్కడి నుంచి ఎరుపు, తెలుపు ఆర్‌సీఏ కేబుల్ ఒకటి రిసీవర్ వెనక సీడీ ఇన్‌పుట్‌కో ఆక్స్‌కో పెట్టండి. ఫోనో అని రాసి ఉన్నదానికి పెట్టకండి. అది రికార్డ్ ప్లేయర్ కోసం, చిన్న సిగ్నల్‌ని బాగా పెంచేస్తుంది, పాట బొంగురుగా వస్తుంది.

తర్వాత వాల్యూమ్ సంగతి. రెండుచోట్ల వాల్యూమ్ ఉంటే ఎప్పుడో ఒకప్పుడు గోల తప్పదు. స్ట్రీమర్ సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్‌ని "ఫిక్స్‌డ్" చేసేసి, హాల్లో పెంచడం తగ్గించడం రిసీవర్‌కే వదలండి. రిసీవర్ మెనూలో రెండు సెట్టింగ్‌లు వెతకండి: ఆన్ అయినప్పుడు ఉండాల్సిన వాల్యూమ్, దాటకూడని వాల్యూమ్. మొదటిది నెమ్మదిగా వినిపించే స్థాయిలో పెట్టండి. రాత్రి యాక్షన్ సినిమా చూసి అలాగే ఆపేస్తే పొద్దున ఐదింటికి భక్తి పాట అదే వాల్యూమ్‌లో మొదలవుతుంది. అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్ళకి ఈ ఒక్క సెట్టింగ్ పక్కింటివాళ్ళతో సఖ్యత కాపాడుతుంది.

పాటల ఇన్‌పుట్‌కి "మల్టీ ఛానెల్ స్టీరియో" లేదా "ఆల్ ఛానెల్ స్టీరియో" మోడ్ ఎంచుకోండి. పేరు కంపెనీని బట్టి మారుతుంది. హాల్లోని అన్ని స్పీకర్లలోనూ పాట వస్తుంది, సీలింగ్‌లోంచి కూడా. చాలా రిసీవర్లు ఇన్‌పుట్ వారీగా మోడ్‌ని గుర్తుపెట్టుకుంటాయి కాబట్టి సినిమా మోడ్ చెడదు.

ఈ పద్ధతిలో రెండు ఇబ్బందులున్నాయి. ఒకటి కరెంటు. పాటల కోసం రిసీవర్ రోజంతా ఆన్‌లో ఉండాలి. అది ఊరికే 50 వాట్లు తీసుకుంటుంది అనుకుంటే, రోజుకి 8 గంటల చొప్పున నెలకి 12 యూనిట్లు. అంతకన్నా వేడి ముఖ్యం. టీవీ యూనిట్‌లో తలుపులు మూసిన అరలో రిసీవర్ పెడితే ఎండాకాలం మధ్యాహ్నం చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. పైన కనీసం జానెడు ఖాళీ వదలండి, వెనక చెక్కకి గాలి పోయే కంత పెట్టించండి.

రెండోది ప్రతిధ్వని. హాలు, డైనింగ్ మధ్య గోడ లేని ఇళ్ళలో ఇది బాగా తెలుస్తుంది. డైనింగ్‌లో పాట మల్టీ రూమ్ యాంప్ నుంచి నేరుగా వస్తుంది. హాల్లో అదే పాట రిసీవర్ లోపలి ప్రాసెసింగ్ దాటి కాస్త ఆలస్యంగా వస్తుంది. శబ్దం సెకనుకి దాదాపు 343 మీటర్లు నడుస్తుంది. మూడు మీటర్ల దూరానికి పట్టేది 9 మిల్లీసెకన్లే, అంత తేడాని చెవి సర్దుకుంటుంది. తేడా 30, 40 మిల్లీసెకన్లు దాటితే మాట రెండుసార్లు వినిపిస్తున్నట్టు అనిపిస్తుంది. ఫోన్‌లో ఎవరైనా మాట్లాడుతున్న పాడ్‌కాస్ట్ పెట్టి, రెండు గదుల మధ్య గుమ్మంలో నిలబడి వినండి. పాటలో దాక్కునే ఆలస్యం మాటలో దొరికిపోతుంది. దొరికితే రిసీవర్‌ని పాటల ఇన్‌పుట్‌లో "డైరెక్ట్" మోడ్‌లో పెట్టి చూడండి. అందులో ప్రాసెసింగ్ తగ్గుతుంది, ఆలస్యమూ తగ్గుతుంది. కాకపోతే అప్పుడు పాట ఫ్రంట్ జతలోనే వస్తుంది. లేదా డైనింగ్ వైపు డిలే పెట్టే వీలుంటే హాలుతో సమానం అయ్యేదాకా పెంచండి.

కేబుల్ పెట్టగానే గుయ్‌మని హమ్ వస్తే అది గ్రౌండ్ లూప్. రెండు పరికరాలు రెండు వేర్వేరు సాకెట్ల నుంచి, కేబుల్ టీవీ వైరు ఇంకో దారి నుంచి ఎర్త్ అయినప్పుడు వస్తుంటుంది. అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టి చూడండి. తగ్గకపోతే ఆర్‌సీఏ బదులు ఆప్టికల్ కేబుల్ వాడండి. అందులో వెలుతురే వెళ్తుంది గానీ కరెంటు వెళ్ళదు, హమ్ దారి మూసుకుపోతుంది. ప్లగ్ మూడో పిన్ను పీకేయమని సలహా ఇచ్చేవాళ్ళున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ పిన్ను ఉన్నది మనుషులకి షాక్ కొట్టకుండా.

రెండో దారి: జోన్ 2

ఇల్లు చిన్నదైతే మల్టీ రూమ్ యాంప్ కూడా అక్కర్లేదు. ఏడు ఛానెళ్ళ రిసీవర్ కొని హాల్లో ఐదే వాడుకుంటే మిగిలిన రెండింటినీ జోన్ 2 పేరుతో వంటింటికి ఇవ్వవచ్చు. హాల్లో సినిమా నడుస్తుండగానే వంటింట్లో పాట నడుస్తుంది. కొనేముందు మాన్యువల్‌లో ఒక్క విషయం చూడండి. కొన్ని రిసీవర్లలో, ముఖ్యంగా పాతవాటిలో, హెచ్‌డీఎంఐ, ఆప్టికల్ ఇన్‌పుట్‌ల నుంచి వచ్చే శబ్దం జోన్ 2కి వెళ్ళదు. అలాంటప్పుడు అక్కడికి అనలాగ్ కేబుల్ కూడా ఇవ్వాలి. ఇంకో మాట, ఆ రెండు ఛానెళ్ళు వంటింటికి ఇచ్చేశాక సీలింగ్ జతకి అట్మాస్ మిగలదు. రెండూ కావాలంటే తొమ్మిది ఛానెళ్ళ రిసీవర్ గానీ, జోన్ 2 ప్రీ అవుట్‌కి బయట ఒక చిన్న యాంప్ గానీ కావాలి.

మూడో దారి: రిలేతో మార్చడం

రిసీవర్ రోజంతా నడపడం ఇష్టం లేదు, హాల్ సీలింగ్ జత మామూలుగా మల్టీ రూమ్ యాంప్ మీదే ఉండాలి, సినిమా పెట్టినప్పుడు మాత్రం దానంతట అది రిసీవర్‌కి మారిపోవాలి. ఇలా కోరుకునేవాళ్ళకి ఇదే దారి. ఇందుకు తయారుగా దొరికే స్పీకర్ స్విచ్‌లు ఉన్నాయి. కొనేటప్పుడు "రెండు యాంప్‌లు, ఒక స్పీకర్ జత" కోసం చేసినదేనా అని అడగండి. షాపుల్లో ఎక్కువగా కనిపించేది దానికి తిరగేసినది: ఒక యాంప్, నాలుగు స్పీకర్ జతలు. దాన్ని వెనక్కి తిప్పి రెండు యాంప్‌లు పెడితే, రెండు బటన్లు ఒకేసారి నొక్కిన రోజు నా స్నేహితుడి ఇంట్లో జరిగిందే జరుగుతుంది.

సొంతంగా చేసుకోవడం కష్టం కాదు. నేను చేసిన పద్ధతి చెబుతాను. కావలసినవి: 12 వోల్ట్ డీసీ కాయిల్ ఉన్న 14 పిన్ల రిలే, దాని బేస్ సాకెట్, ఒక 1ఎన్4007 డయోడ్, 3.5 ఎంఎం మోనో ప్లగ్ ఉన్న వైరు, ఒక ప్లాస్టిక్ డబ్బా. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో ఇవన్నీ ఒకే వీధిలో దొరుకుతాయి. వేరే ఊళ్ళలో ప్యానెల్ బోర్డు సామాను అమ్మే ఎలక్ట్రికల్ షాపులో అడగండి. కాంటాక్ట్ రేటింగ్ 5 ఆంపియర్లు ఉండేలా చూసుకోండి. 8 ఓముల స్పీకర్‌కి 50 వాట్లు పంపితే పారేది రెండున్నర ఆంపియర్లు, 100 వాట్లకి మూడున్నర. ఐదు ఉంటే నిశ్చింత.

14 పిన్ల రిలే ఎందుకంటే అందులో నాలుగు స్విచ్‌లు ఒకేసారి మారతాయి. ఎడమ ప్లస్, ఎడమ మైనస్, కుడి ప్లస్, కుడి మైనస్, సరిగ్గా నాలుగు. పైగా అది ముందు ఒక వైపు వదిలి, తర్వాతే రెండో వైపు పట్టుకుంటుంది. రెండు యాంప్‌లు ఒక్క లిప్త కూడా కలవవు. మనకి కావలసిందే అది.

రిలే ఒంటి మీద పిన్నుల బొమ్మ ఉంటుంది. సాధారణంగా 9 నుంచి 12 కామన్, 1 నుంచి 4 మామూలుగా కలిసి ఉండేవి, 5 నుంచి 8 రిలే పనిచేసినప్పుడు కలిసేవి, 13, 14 కాయిల్. మీ రిలే మీది బొమ్మ వేరుగా ఉంటే ఆ బొమ్మనే నమ్మండి. కామన్ నాలుగింటికి స్పీకర్ల వైర్లు, 1 నుంచి 4కి మల్టీ రూమ్ యాంప్, 5 నుంచి 8కి రిసీవర్. వరస తప్పకుండా 9కి ఎడమ ప్లస్ పెడితే 1కీ 5కీ కూడా ఎడమ ప్లస్సే. ఒక్కో వైరుకీ చిన్న కాగితం చుట్టి పేరు రాసి పెట్టుకోండి. నాలుగు నల్ల వైర్లు చేతిలో ఉన్నప్పుడు జ్ఞాపకశక్తిని నమ్ముకోకూడదు.

రిలేని కదిలించేది రిసీవర్ వెనకున్న 12 వోల్ట్ ట్రిగ్గర్ అవుట్. రిసీవర్ ఆన్ అయితే అందులో 12 వోల్ట్‌లు వస్తాయి, ఆఫ్ అయితే పోతాయి. ప్లగ్ కొన ప్లస్. దాన్ని కాయిల్‌కి కలపండి. కాయిల్ రెండు పిన్నుల మధ్య డయోడ్ పెట్టండి, డయోడ్ మీది తెల్ల గీత ప్లస్ వైపు ఉండాలి. రిలే వదిలేటప్పుడు కాయిల్ వెనక్కి కొట్టే వోల్టేజ్ రిసీవర్‌లోకి పోకుండా ఆపేది ఈ డయోడే. రూపాయో రెండు రూపాయలో పెట్టి కొనే భాగం కదా అని వదిలేయకండి. కాయిల్ 75 మిల్లీ ఆంపియర్ల దాకా తీసుకుంటుంది, మీ ట్రిగ్గర్ ఎంత ఇవ్వగలదో సాకెట్ పక్కనో మాన్యువల్‌లోనో రాసి ఉంటుంది, సరిచూసుకోండి. ట్రిగ్గర్ లేని చవక రిసీవర్ అయితే, 12 వోల్ట్ అడాప్టర్‌ని స్మార్ట్ ప్లగ్‌కి పెట్టి రిసీవర్ ఆన్ చేసేటప్పుడు దాన్నీ ఆన్ చేయవచ్చు.

ఇక అసలైన పరీక్ష. యాంప్‌లు రెండింటినీ ఇంకా కలపకుండానే, రిసీవర్ వైపు ఎడమ ప్లస్‌కీ మల్టీ రూమ్ వైపు ఎడమ ప్లస్‌కీ మధ్య మల్టీమీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టండి. బీప్ రాకూడదు. కాయిల్‌కి 12 వోల్ట్‌లు ఇచ్చి మళ్ళీ చూడండి. అప్పుడూ రాకూడదు. అలా నాలుగు జతలకీ, రెండు స్థితుల్లోనూ, మొత్తం ఎనిమిది సార్లు. ఒక్కసారి బీప్ వచ్చినా అక్కడే ఆగి వైరింగ్ మళ్ళీ చూడాలి.

ఈ అమరికలో నాకు నచ్చింది ఇంకోటుంది. కరెంటు పోయి, ఇన్వర్టర్ మీద మల్టీ రూమ్ యాంప్ ఒక్కటే ఉందనుకోండి. రిసీవర్ ఆఫ్ అవుతుంది, రిలే దానంతట అది పాటల వైపు వచ్చేస్తుంది. చీకట్లో ఎవరూ ఏమీ నొక్కక్కర్లేదు. ఒక్క జాగ్రత్త: మీది వాల్వ్ యాంప్ (గాజు ట్యూబులతో నడిచేది) అయితే ఈ దారి వద్దు. పాట నడుస్తుండగా స్పీకర్ ఊడిపోతే మామూలు యాంప్‌కి ఏమీ కాదు, వాల్వ్ యాంప్ ట్రాన్స్‌ఫార్మర్ పాడవుతుంది.

గోడ మీది నాబ్, ఓముల లెక్క

ఒకే ఛానెల్‌కి రెండు 8 ఓముల స్పీకర్లు సమాంతరంగా (ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్) కలిపితే 4 ఓములు, మూడు కలిపితే 2.67. చాలా రిసీవర్ల వెనక 6 ఓములకి తగ్గకూడదని రాసి ఉంటుంది. కాబట్టి "డైనింగ్ స్పీకర్లని కూడా హాల్ లైన్‌కే వేసేద్దాం" అంటే ఒప్పుకోకండి. ఫంక్షన్ హాళ్ళలో మైక్ సెట్ వాళ్ళు ఒకే లైన్ మీద ఇరవై స్పీకర్లు వేస్తారు కదా అంటారు. అది 100 వోల్ట్ లైన్, ప్రతి స్పీకర్‌కీ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, ఆ లెక్క వేరు. ఆ స్పీకర్లని ఏవీ రిసీవర్‌కి పెట్టకూడదు, ఈ స్పీకర్లని ఆ లైన్‌కి పెట్టకూడదు.

హాల్ గోడ మీద వాల్యూమ్ నాబ్ పెట్టించుకుని ఉంటే దాని సంగతి తేల్చాలి. అది స్పీకర్ వైరు మధ్యలో కూర్చుంటుంది. మా ఇంట్లో అమ్మ పూజ చేసుకునేటప్పుడు హాల్ నాబ్ తగ్గించేది. సీలింగ్ జతని సినిమాకి కూడా కలిపాక రెండు వారాలు పైనుంచి చప్పుడే లేదు. రిసీవర్ సెట్టింగ్స్ అన్నీ తిరగేశాను, స్పీకర్ విప్పాను, చివరికి చూస్తే నాబ్ అడుగున ఉంది. ఆ సాయంత్రమే నాబ్ తీసేసి వైర్లు నేరుగా కలిపి, అమ్మ ఫోన్‌లో వాల్యూమ్ యాప్ పెట్టాను. పంచుకునే స్పీకర్ల దారిలో నాబ్ ఉండకూడదు. ఉంచక తప్పదంటే అది రిలేకి ముందు, మల్టీ రూమ్ యాంప్ వైపు ఉండాలి. అప్పుడు సినిమాకి అది అడ్డు రాదు.

అమెరికాలో బిల్డర్ ముందే వైరింగ్ చేసి ఇచ్చిన ఇళ్ళు కొనుక్కున్న మనవాళ్ళకీ ఇదే మాట. అక్కడ చాలాచోట్ల నాలుగు తీగల కేబుల్ క్లోజెట్ నుంచి గోడ నాబ్ డబ్బాకి వచ్చి, అక్కడి నుంచి స్పీకర్లకి వెళ్తుంది. నాబ్ విప్పి రంగు రంగుకి కలిపేస్తే లైన్ తిన్నగా క్లోజెట్‌కి వచ్చేస్తుంది, రిలే డబ్బా అక్కడే పెట్టుకోవచ్చు. గోడలోంచి కొత్త కేబుల్ లాగాల్సి వస్తే దాని మీద సీఎల్2 లేదా సీఎల్3 అన్న ముద్ర (గోడ లోపల వేయదగ్గదని గుర్తు) ఉండాలి.

వైరు

మన దగ్గర వైరు చదరపు మిల్లీమీటర్లలో అమ్ముతారు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు 20 మీటర్లు లాగితే, వెళ్ళి రావడం కలిపి 40 మీటర్లు, నిరోధం దాదాపు 0.46 ఓములు. 8 ఓముల స్పీకర్‌కి ఇది ఐదు శాతం దాటుతుంది. అదే 2.5 అయితే 0.28 ఓములే. పది పన్నెండు మీటర్ల లోపైతే 1.5 సరిపోతుంది, అంతకు మించితే 2.5 వేయండి. రిలే పెట్టాలనుకుంటే సీలింగ్ జత వైర్లని నేరుగా రిసీవర్, యాంప్ ఉండే చోటికే రప్పించండి. జాయింట్లన్నీ చేతికి అందే చోట ఉండాలి, సీలింగ్ మీద కాదు.

కొనేముందు తీగని బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా మెరిస్తే అది రాగి పూత వేసిన అల్యూమినియం. దాని నిరోధం ఎక్కువ, చివర్లు మెలిపెడితే తెగుతుంది. స్లాబు ఇంకా పోయకపోతే స్పీకర్ వైర్లకి విడిగా 25 ఎంఎం పైపు వేయించండి. కరెంటు వైర్ల పైపులోనే దూర్చేయడం వద్దే వద్దు. రెండింటికీ మధ్య ఒక అడుగు ఎడం ఉండాలి, దాటాల్సి వస్తే అడ్డంగా దాటాలి. పైపులో ఒక నైలాన్ తాడు వదిలేయండి, రేపు ఇంకో వైరు లాగాలంటే పనికొస్తుంది.

ఆన్ చేసే రోజు

ముందు ప్రతి స్పీకర్ వైరుకీ యాంప్ వైపు చివర మల్టీమీటర్ పెట్టండి. 8 ఓముల స్పీకర్ 6, 7 ఓముల దగ్గర చూపిస్తుంది, అది సహజం. సున్నా చూపిస్తే ఎక్కడో షార్ట్, ఏమీ చూపించకపోతే ఎక్కడో తెగింది. తర్వాత 1.5 వోల్ట్ పెన్సిల్ సెల్ ఒకటి తీసుకుని వైర్లకి ఒక్క క్షణం తాకించండి. ప్లస్‌కి ప్లస్ తాకితే స్పీకర్ కోన్ బయటికి పొంగుతుంది. లోపలికి పోతే వైరు తిరగబడినట్టు. సీలింగ్ గ్రిల్ తీసి ఒకరు పైకి చూస్తుంటే ఇంకొకరు సెల్ తాకించాలి. జతలో ఒకటి తిరగబడితే పాటలో బేస్ మాయమవుతుంది.

అంతా సరిగ్గా ఉంటే యాంప్‌లు కలపండి. రిసీవర్‌తో వచ్చిన మైకుని సోఫాలో చెవి ఎత్తున పెట్టి ఆటో కాలిబ్రేషన్ నడపండి. రిలే సినిమా వైపే ఉందని, ఫ్యాన్లు, ఏసీ ఆపారని చూసుకోండి. అది అయ్యాక కొలిచిన దూరాలు ఒకసారి చదవండి. సీలింగ్ జతకి ఎడమ 2 మీటర్లు, కుడి 5 మీటర్లు అని వస్తే ఎక్కడో తేడా ఉంది, మళ్ళీ నడపండి. ఈ కొలత సినిమాకే వర్తిస్తుంది. పాటల వైపు మల్టీ రూమ్ యాంప్‌లో హాల్ జోన్ లెవెల్‌ని మిగతా గదులతో సమానంగా చెవితోనే సర్దుకోవాలి. గుమ్మంలో నిలబడి హాల్లోకి ఒక అడుగు, డైనింగ్‌లోకి ఒక అడుగు వేస్తూ సర్దితే పది నిమిషాల పని.

చివరిగా, పాట సన్నగా నడుస్తుండగా రిసీవర్ ఆన్ చేయండి. డబ్బాలో రిలే టక్ అంటుంది, హాల్ సీలింగ్‌లో పాట ఆగుతుంది, వంటింట్లో మాత్రం సాగుతూనే ఉంటుంది. కొన్ని సెకన్లకి రిసీవర్ లోపలి రిలే ఇంకోసారి టక్ అంటుంది, టీవీ శబ్దం వస్తుంది. ఇప్పుడు రిసీవర్ ఆపండి. పాట హాల్లోకి తిరిగి రావాలి. వచ్చిందంటే రిలే డబ్బా మూత మీద ఏ వైరు ఏమిటో పర్మనెంట్ మార్కర్‌తో రాసి, ఒక ఫోటో తీసుకుని, టీవీ యూనిట్‌ని గోడకి జరిపేయండి.